నూటికి నూరు మార్కుల వెన్నెముక

నిటారు ఉత్తర్వు రాళ్లకుంటపాలెం ఉన్నత పాఠశాలకు ఒక మంగళవారం, మధ్యాహ్న భోజనపు గుడ్లతో కలిసి ఒకే ఆటోలో వచ్చింది. దారిలో గుడ్లు మూడు పగిలాయి. ఉత్తర్వుకు మాత్రం ఏమీ కాలేదు.

పై ఆఫీసులో ఒక పెద్దాయన ఏదో సభకు వెళ్లి, ముందు వరసలో పిల్లలు గూనిగా కూర్చోవడం చూశారట. వంగి కూర్చున్న పిల్లలు పెద్దయ్యాక వంగిపోయిన పౌరులవుతారని ఆయనకు ఇంటికి వెళ్లే దారిలో, కారు వెనక సీట్లో జారగిలబడి ఉండగా తోచిందట. మర్నాటికి పథకం తయారైంది.

హెడ్మాస్టరు పరాంకుశం గారు ప్రార్థన సమయంలో ఉత్తర్వు చదివారు. ఆయనకు ఉత్తర్వులంటే భక్తి. చెప్పులు విప్పి మరీ చదువుతారు.

"విషయం: విద్యార్థినీ విద్యార్థుల నిలువుదనము, పెంపుదల, తక్షణ చర్యలు గురించి. ఒకటి. గోడలకు, స్తంభములకు, తోటి విద్యార్థులకు ఆనుకొనుట నిషేధము. రెండు. వీపు ఆన్చుకొనుటకు అవకాశము కల్పించు సమస్త ఉపకరణములు తొలగించవలెను. మూడు. కింద పడిన వస్తువులను నడుము వంచి తీయుట దోషముగా పరిగణించి, ఒక్కొక్క వంపునకు రెండు మార్కులు తగ్గించవలెను."

ఆ సాయంత్రమే వడ్రంగి వచ్చి బెంచీల వీపులన్నీ కోసేశాడు. పరాంకుశం గారు న్యాయంగా ఉండాలని తన కుర్చీ వీపు కూడా కోయించుకున్నారు. మొదటి రోజు రెండుసార్లు వెనక్కి పడ్డారు. నేల మీద పడి కూడా నిటారుగానే ఉన్నానని లేచాక అందరికీ చెప్పారు.

మూడో నిబంధన వల్ల వారం తిరిగేసరికి తరగతి గదుల్లో నేల కనపడకుండా పోయింది. పడిన వస్తువును తీసే ధైర్యం ఎవరికీ లేదు. అరవై ఒక్క పెన్నులు, నాలుగు టిఫిను డబ్బాలు, సోషలు మాస్టారి కళ్లజోడు అలాగే ఉండిపోయాయి. కళ్లజోడు లేక ఆయన రెండు రోజులు తొమ్మిదో తరగతి అనుకుని ఎనిమిదో తరగతికి పాఠం చెప్పారు. ఎనిమిదో తరగతి వాళ్లు మర్యాద కోసం ఊరుకున్నారు.

పిల్లల నిలువు కొలవడానికి నిలువుమాపకము అనే యంత్రం తొంభై రోజుల్లో పంపిస్తామని ఉత్తర్వులో ఉంది. అంతవరకు స్థానిక వనరులు వాడుకోవాలి. ఊళ్లో నిలువు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. షేక్ బాజీ మేస్త్రి. ముప్పై ఏళ్లుగా దారానికి ఇత్తడి గుండు కట్టి గోడలు సరిచూస్తున్నాడు. పరాంకుశం గారు ఆయన్ని తాత్కాలిక నిలువు పరిశీలకుడిగా నియమించి, చెవి మీద బీడీ తీసేయమన్నారు.

"సారూ, నాకు గోడలే తెలుసు. పిల్లకాయలు కదులుతారు" అన్నాడు బాజీ.

"కదిలితే మార్కులు తగ్గించు."

"అట్టాగే సారూ. మరి తాపీ తెచ్చుకోమంటారా, వద్దా?"

అలా మొదలైంది కొలత. మెడ వెనక నుంచి దారం వదిలితే గుండు మడమల మధ్యకు రావాలి. బాజీ ఒక్కొక్కరినీ గుమ్మం పక్కన నిలబెట్టి, ఒక కన్ను మూసి చూసి, తన ధోరణిలో చెప్పేవాడు. గుమస్తా రాసుకునేవాడు. "వీడికి పునాది గట్టిది, పైన లూజు." "ఈ పిల్ల వానకి తడిసిన తలుపు మాదిరి ఇటు తిరిగింది." "వీణ్ణి పడగొట్టి మళ్లీ కట్టాల్సిందే." ఎవరికీ అరవై దాటలేదు. బాజీ సొంత కూతురు షకీలాకు యాభై రెండు వచ్చాయి. "ఇంటికి రా నీ పని చెబుతా" అంది షకీలా వాళ్ల నాయన్ని, అందరి ముందూ.

తర్వాత దీవెన వచ్చి నిలబడింది.

దీవెన తొమ్మిదో తరగతి. షకీలా పక్కనే కూర్చుంటుంది. కొత్త మనిషి పేరడిగితే ఓణీ కొసకు చెప్పే రకం. మాస్టార్లు ఆమెను "కిటికీ దగ్గర పిల్లా" అని పిలిచేవాళ్లు. కిటికీ దగ్గర లేని రోజు అసలు పిలిచేవాళ్లే కాదు. రెండు నెలలుగా ఆ పిల్లకు వీపు మధ్యలో నొప్పి. బొడ్డుకు సరిగ్గా వెనకాల, కాస్త పైన, ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు. ఒకసారి అమ్మతో చెప్పింది. సారమ్మ మిరపకోతకు వెళ్లే తొందరలో నొప్పుల మందు రాసి, "రెండు బిందెలు ఒక్కసారి మొయ్యబాకని చెప్పానా!" అంది. దీవెన మళ్లీ చెప్పలేదు. చెప్పే బదులు వంగడం మానేసింది. పక్కకు చూడాలంటే ఎద్దుబండి తిరిగినట్టు మొత్తం మనిషి తిరిగేది. పెన్ను పడితే వీపు కదలకుండా మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చుని, తీసుకుని, ఒక చెయ్యి తొడ మీద ఆన్చి మెల్లిగా లేచేది.

బాజీ దారం వదిలాడు. గుండు వెళ్లి మడమల మధ్య నిలబడింది. ఊగలేదు కూడా.

"అమ్మాయ్, ఊపిరి తీసుకో. నువ్వు గోడవి కాదు."

"తీసుకుంటన్నా బాబాయ్" అంది దీవెన నేలకేసి.

"సారూ! ముప్పై ఏళ్లలో నా చేతి గోడ కూడా ఇంత నిలువు నిలవలా!"

నూటికి నూరు. పరాంకుశం గారు పరుగున వచ్చి ఆ పిల్లను స్టేజీ ఎక్కించారు. "ఈమె పేరు..." అని ఆగి గుమస్తా వైపు చూశారు. గుమస్తా రిజిస్టరు చూశాడు. "దీవెన!" అన్నారు. మూడొందల పన్నెండు మంది చప్పట్లు కొట్టారు. దీవెనకు చెవులు ఎర్రబడ్డాయి. వీపు ఎప్పటిలాగే నొప్పి పుట్టింది. కానీ మొదటిసారి, ఆ నొప్పి దేనికో పనికొచ్చినట్టనిపించింది.

*

వారానికి జిల్లా నుంచి ఉపసంచాలకులు వైకుంఠరావు గారు దిగారు. ఆయన ఈ పథకానికి జిల్లా బాధ్యులు. పథకం వచ్చిన రోజు నుంచి మెడ వంచడం మానేశారు. కాఫీ కప్పును మూతి దాకా ఎత్తించుకుని తాగుతారు. మెట్లు దిగేటప్పుడు ముందు ఒక బంట్రోతు నడుస్తూ "మెట్టు సార్, మెట్టు సార్, అయిపోయాయి సార్" అంటుంటాడు.

ఆయన దీవెనను రెండు గంటలు పరిశీలించి నోటు రాయించారు. ఆ నోటు కరపత్రమై జిల్లా అంతా వెళ్లింది. పేరు దీవెన పద్ధతి.

"వస్తువు పడినచో నమూనా విద్యార్థిని నడుము వంచదు. మోకాళ్లను మడిచి, చేతిని తొడపై ఆన్చి, గౌరవప్రదముగా లేచును. పక్కకు చూడవలసినచో సంపూర్ణముగా తిరుగును. పరుగెత్తదు. నమూనా విద్యార్థిని మితాహారి. మధ్యాహ్నమున పావు పళ్లెము అన్నము మాత్రమే స్వీకరించి, అనవసర బరువును తగ్గించుకొనుచున్నది. సాయంత్రము ఆమె శరీరమందు ఉత్సాహపు వెచ్చదనము కానవచ్చును. రాత్రి పలుమార్లు మేల్కొనును. ఇది చదువు పట్ల గల శ్రద్ధ."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. దీవెనకు ఆకలి చచ్చిపోయింది. పావడా నాడా రెండు ముళ్లు లోపలికి వచ్చింది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. రాత్రి పక్కకు తిరిగితే నొప్పికి మెలకువ వచ్చేది. వైకుంఠరావు గారు అడిగారు, ఆమె తల ఊపకుండా "అవున్సార్" అంది. ఆయన ఎందుకని మాత్రం అడగలేదు. కరపత్రంలో ఎందుకు అనే గడి లేదు.

ఇక బడంతా దీవెనలే. పిల్లలు జట్లు జట్లుగా గొంతుక్కూర్చుని, తొడ మీద చెయ్యి ఆన్చి, "హమ్మా" అని లేవడం సాధన చేశారు. "హమ్మా" అనడం కరపత్రంలో లేదు గానీ, దీవెన అంటుంది కనుక అందరూ అన్నారు. ఖోఖో ఆడితే ఎవరూ వంగరు, ఎవరూ పరుగెత్తరు కనుక ఒక ఆట సోమవారం మొదలై గురువారం ముగిసింది. మధ్యాహ్న భోజనం పావు పళ్లేనికి తగ్గింది. షకీలాకు ఆ ఒక్కటే మింగుడు పడలేదు.

"ఏందే దీవెనా, నువ్వు కాస్త తినకూడదా? నీ వల్ల మా కడుపులు మాడతన్నాయి."

"తినబుద్ధి కాటల్లేదే."

"బుద్ధి కాకపోతే నా పళ్లెంలో పొయ్యి. నేను నీలాగే నిటారుగా తింటా, ఎవరికీ తెలీదు."

దీవెన నవ్వింది. నవ్వితే నొప్పి కనుక కొంచెమే నవ్వింది. షకీలా ఆమె మొహంలోకి చూసి, "నువ్వు చిక్కావే" అంది. అంతలో గంట కొట్టారు, ఇద్దరూ సంపూర్ణంగా తిరిగి లోపలికి వెళ్లారు.

*

రెండో నెల కొలతకు బాజీ దారం వదిలాడు. గుండు మడమల మధ్యకే వచ్చింది. కానీ దారం దారిలో ఒకచోట తగిలి, పక్కకు జారి, మళ్లీ దిగింది. బాజీ మళ్లీ వదిలాడు. మళ్లీ అక్కడే తగిలింది. పక్కకు వచ్చి, కూర్చుని, ఒక కన్ను మూసి, గోడను చూసినట్టు చూశాడు. వీపు మధ్యలో, యూనిఫాం కింద, ఒక్క కణుపు మాత్రం చింతగింజంత ఇవతలికి వచ్చి ఉంది.

ఆయన బీడీ కోసం చెవి తడుముకున్నాడు. లేదు.

"అమ్మాయ్, ఈడ నొప్పా?"

గుమస్తా కలం ఆపి చూశాడు. వరసలో నలభై మంది చూస్తున్నారు. "లేదు బాబాయ్" అంది దీవెన.

బాజీ తిన్నగా హెడ్మాస్టరు గదికి వెళ్లాడు.

"సారూ, ఆ పిల్ల నిలువు కాదు. బిగుసుకుపోయింది. నడిమిట్లో పొట్ట పెట్టింది."

"నోరు మూసుకో బాజీ! ఆడపిల్ల గురించి ఏం మాటలవి?"

"అయ్యో, ఆ పొట్ట కాదు సారూ! గోడలో ఒక్క రాయి ఇవతలికి వస్తే పొట్ట పెట్టిందంటాం. దాని వెనక లోపలి మట్టి తినేసినట్టు లెక్క. పైన నిలువుగానే ఉంటది. ఒక రోజు చెప్పకుండా కూలుద్ది. గోడయితే నేను పైపూత కొట్టి పోను. ఇప్పి చూస్తా."

పరాంకుశం గారు మంచివారే. భయపడ్డారు. భయపడ్డప్పుడు ఆయనకు తెలిసిన పని ఒక్కటే. చెప్పులు విప్పి ఉత్తరం రాశారు. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది.

"నిలువు నిర్ధారణలో పై కొన, కింది కొన మాత్రమే పరిగణించవలెను. మధ్య భాగము ఈ పథకము పరిధిలోనికి రాదు. మధ్య భాగమును గూర్చి పరిశీలకుడు వ్యక్తిగత అభిప్రాయములు కలిగియుండరాదు. నమూనా విద్యార్థినిని వచ్చే గురువారం జిల్లా ఉత్సవమునకు సిద్ధపరచవలెను. అంతవరకు ఆమెను ఎక్కడికీ పంపరాదు."

బాజీ అది విని, ఉద్యోగం ఇచ్చినవాళ్లకే ఇచ్చేసి, గుండు జేబులో వేసుకుని పోయాడు. పోయి ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడకు పగుళ్లు పూడుస్తూ, కిటికీలోంచి డాక్టరు సౌదామినికి మొత్తం చెప్పాడు. ఆమె రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది.

"దారం ఎక్కడ తగిలిందన్నావు?"

బాజీ తాపీతో తన వీపు మధ్య చూపించాడు. చొక్కాకు సిమెంటు అంటుకుంది.

*

సౌదామిని శుక్రవారం ఐరన్ మాత్రలు పంచే వంకతో బడికి వచ్చింది. చిన్నమనిషి, గట్టి గొంతు. ఒక పిల్లను వేరుగా పిలిచి పరీక్షిస్తే ఆ పిల్ల సిగ్గుతో ఇంకా ముడుచుకుంటుందని ఆమెకు తెలుసు. అందుకని వరసలో ఒక్కొక్కరి ముందూ సుద్దముక్క వేసి, "కాస్త అది తీసివ్వమ్మా" అంది. మామూలు పిల్లలు నడుము వంచి టక్కున తీస్తారు. వెన్నెముకలో జబ్బున్న పిల్ల వంగదు, గొంతుక్కూర్చుని తీస్తుంది. ఎప్పటి నుంచో ఉన్న పరీక్ష. పైసా ఖర్చు లేదు.

మొదటి పిల్లవాడు మోకాళ్లు మడిచి, తొడ మీద చెయ్యి ఆన్చి, "హమ్మా" అని లేచాడు. సౌదామిని ఉలిక్కిపడింది. రెండో పిల్ల కూడా అంతే. పదో పిల్లవాడి దగ్గర ఆమెకు చెమట పట్టింది. నూటయాభై దాటాక ఊరికి ఊరే పోయిందనుకుంది. చివర సోషలు మాస్టారు కూడా గొంతుక్కూర్చుని సుద్దముక్క బదులు తన కళ్లజోడు దొరకపుచ్చుకుని "హమ్మా" అని లేచారు. సౌదామిని కుర్చీలో వెనక్కి వాలింది. వీపు లేని కుర్చీ కనుక అట్టే వెనక్కి పోయింది. ముగ్గురు పిల్లలు గౌరవప్రదంగా లేవదీశారు.

"నూటికి నూరు శాతం ఉత్తీర్ణత మేడం!" అన్నారు పరాంకుశం గారు, కళ్లు చెమర్చి.

"ఏం ఉత్తీర్ణత సార్? మీరు బడి మొత్తానికి ఒక జబ్బు లక్షణాలు నేర్పించారు!" సౌదామిని కొంగు దులుపుకుంటూ అంది. "వెన్నెముకకు క్షయ వస్తే ఇలాగే ఉంటారు. బిగుసుకుపోయిన వీపు. తగ్గని నొప్పి. బరువు పడిపోవడం, ఆకలి లేకపోవడం, సాయంత్రం జ్వరం, రాత్రి నిద్ర లేకపోవడం."

పరాంకుశం గారు కరపత్రం తీసి వేలితో ఒక్కొక్కటీ చూసుకున్నారు. "మేడం, మీరు చెప్పినవన్నీ ఇందులో సుగుణాల కింద ఉన్నాయి."

"మరి నొప్పి?"

"అదొక్కటి లేదు. ఆ అమ్మాయి చెప్పలేదు."

"ఎవరైనా అడిగారా?"

ఆయన మళ్లీ కరపత్రం చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "క్షయ అంటున్నారు, కానీ ఆ పిల్ల ఒక్కసారి కూడా దగ్గలేదు మేడం. ప్రార్థనలో నేను ప్రత్యేకంగా విన్నాను" అన్నారు.

"దగ్గక్కర్లేదు సార్. ఎముకకు వచ్చిన క్షయ ఎముకలోనే ఉంటుంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండొచ్చు. పక్కవాళ్లకు అంటుకోదు కూడా. ఇప్పుడే పట్టుకుంటే మాత్రలతో పోతుంది. ఆలస్యమైతే ఎముక కూలి, పక్కనున్న నరాన్ని నొక్కి, కాళ్లు చచ్చుబడతాయి. రేపు పొద్దున పెద్దాసుపత్రిలో స్కాను తీయించాలి."

"గురువారం దాటాక, తప్పకుండా. అంతవరకు ఆ అమ్మాయి శాఖ వారిది. మీరు చీటీ రాసివ్వండి, సరైన మార్గంలో పంపిస్తాను."

సౌదామిని దీవెనను పక్కకు పిలిచింది. పరాంకుశం గారు కూడా పక్కకే వచ్చి నిలబడ్డారు.

"వీపు నొప్పిగా ఉందా అమ్మా?"

దీవెన కాళ్లకేసి చూసుకుంది. నిన్న బడికి వస్తుంటే ఎడమ చెప్పు ఎక్కడో జారిపోయింది. జారినట్టు తెలియనే లేదు. వెనకాల వస్తున్న షకీలా తెచ్చిచ్చింది. ఆ సంగతి చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెబితే గురువారం ఉండదు. గురువారం లేకపోతే మళ్లీ కిటికీ దగ్గర పిల్ల. ఇంకెంత, ఆరు రోజులు. ఆ తర్వాత అన్నీ చెప్పేయొచ్చు అనుకుంది.

"లేదు మేడం."

సౌదామిని చీటీ రాసి ఇచ్చి, ఆ పూటే సారమ్మను వెతుక్కుంటూ మిరపచేలోకి వెళ్లింది. సారమ్మ విన్నంతసేపు విని, కాయలున్న తట్ట కింద పెట్టి, "నేను మందు రాశానమ్మా, డాక్టరమ్మా. బిందెల మీద కోప్పడ్డా" అని ఏడ్చింది. మర్నాడే తీసుకుపోతానని బడికి వెళితే, వైకుంఠరావు గారి మనిషి ఒకడు గేటు దగ్గర కూర్చున్నాడు. నమూనా విద్యార్థినిని కదిలిస్తే ఏడాది పరీక్ష రాయనివ్వబోమన్నాడు. దీవెన కూడా అమ్మ చెయ్యి పట్టుకుని, "శుక్రవారం పోదాం అమ్మా, మొదటి బస్సుకే" అంది. సారమ్మ ఆ చెయ్యి వదల్లేక వదిలింది.

*

గురువారం బడి మైదానంలో షామియానా వేశారు. మూడు బళ్ల పిల్లలు, అధికారులు, మైకు. సౌదామిని పిలవకపోయినా వచ్చి, మందుల పెట్టెతో మొదటి వరసలో కూర్చుంది. బాజీ షామియానా గుంజను పట్టుకుని నిలబడ్డాడు. ఆ గుంజ ఒరిగి ఉందని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

వైకుంఠరావు గారు ఆకాశంలోకి చూస్తూ మాట్లాడారు. "వెన్నెముక అనునది శరీరమునకు ప్రధాన కార్యాలయము. చేతులు, కాళ్లు మొదలగునవి కింది స్థాయి సిబ్బంది. ప్రధాన కార్యాలయము వంగినచో..." అని అరగంట చెప్పి, "ఇప్పుడు జిల్లా ప్రథమ నమూనా విద్యార్థినికి పతకము" అన్నారు.

దీవెన స్టేజీ కింద నిలబడి ఉంది. పొద్దున ఎనిమిది నుంచి. కాళ్లు వేరే ఎవరివోలా ఉన్నాయి.

పతకం ఇవ్వడానికి ఆయన ఒక అడుగు ముందుకు వేశారు. ఆ రోజు బంట్రోతు సెలవు. పిల్లలకు పంచాల్సిన లడ్డూల గంప ఆయన కాళ్ల దగ్గరే ఉంది. ఆయన కిందికి చూడరు గదా. కాలు తగిలి గంప తిరగబడింది. నాలుగొందల లడ్డూలు స్టేజీ మీది నుంచి దొర్లుకుంటూ మైదానంలోకి దిగాయి.

రెండు నెలలుగా పావు పళ్లెం తింటున్న పిల్లలు ఒక్క క్షణం చూశారు. ఒక్కటే క్షణం. తర్వాత దీవెన పద్ధతి లేదు, కరపత్రం లేదు. అందరూ నడుములు వంచి, వీపులు గూని చేసి, తలలు కిందికి పెట్టి పడ్డారు. షకీలా రెండు చేతులా ఏరింది. సోషలు మాస్టారు ఏరారు. పరాంకుశం గారు ఒకటి తీసి దుమ్ము ఊదుకుంటూ అటూ ఇటూ చూశారు. మైదానం మొత్తం వరినాట్లు వేస్తున్నట్టుంది.

వాళ్లందరి మధ్య ఒక్క మనిషి నిటారుగా మిగిలింది.

"చూడుడు!" అన్నారు వైకుంఠరావు గారు మైకులో. "ప్రలోభమునకు లొంగని వెన్నెముక!"

ఒక లడ్డూ దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా దీవెన కాలి దగ్గర ఆగింది. చాలా రోజుల తర్వాత ఆమెకు ఏదో తినాలనిపించింది. మోకాళ్లు మడిచింది. ఎడమ మోకాలు మాట వినలేదు. శరీరం ముందుకు ఒరిగింది, వీపు మధ్యలో మెరుపులాంటిది పుట్టి "అమ్మా!" అని అరిచి అలాగే కూలబడింది.

"ఆనందబాష్పములు!" అన్నారు వైకుంఠరావు గారు, పతకం పట్టుకుని మైకుతో సహా దిగి వస్తూ. ఆయన కంటే ముందు సౌదామిని చేరింది. మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్లను రెండు చేతులా పట్టుకుంది.

"కదలకు. ఎక్కడమ్మా నొప్పి?"

మైకు పక్కనే ఉంది. పరాంకుశం గారూ పక్కనే ఉన్నారు. ఈసారి దీవెన ఎవరినీ చూడలేదు.

"వీపులో మేడం. నడిమిట్లో. నాలుగు నెలల నుంచి. కాళ్లు కూడా తెలవటల్లా."

నాలుగు లౌడు స్పీకర్లు ఆ మాట ఊరంతా చెప్పాయి. మిరపచేలో సారమ్మ విని తట్ట వదిలి పరుగెత్తింది. గుంజ వదిలి బాజీ వచ్చాడు, స్టేజీ మీది బల్లచెక్క ఒకటి ఊడదీసి. పిల్లను కదలకుండా దాని మీద పడుకోబెట్టారు. మేస్త్రి వెళ్లిపోయాక షామియానా మెల్లిగా అధికారుల మీద వాలింది.

*

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, స్కాను తీశారు, సూదితో కాస్త చీము తీసి పరీక్షకు పంపారు. సౌదామిని చెప్పిందే. క్షయ వెన్నులో రెండు కణుపులను తినేసింది. నరం మీద ఒత్తిడి అప్పుడే మొదలైంది.

"ఇంకో నెల ఆగుంటే నేను వేరే మాట చెప్పాల్సొచ్చేది" అన్నాడు ఎముకల డాక్టరు సారమ్మతో. "ఇప్పుడైతే ఏడాదో, ఇంకాస్త ఎక్కువో మాత్రలు. ఒక్క పూట కూడా మానకూడదు. కొన్నాళ్లు పడక మీదే. తర్వాత నడుముకు పట్టీ కట్టి నడిపిద్దాం. నడుస్తుంది."

మూడు వారాలకు దీవెన ఎడమ కాలి వేళ్లు మళ్లీ తన మాట వినడం మొదలుపెట్టాయి. పావు పళ్లెం అరపళ్లెం అయింది. వార్డులో అందరికీ ఆమె పేరు తెలుసు, ఎందుకంటే మాత్రలిచ్చే నర్సు రోజుకు మూడుసార్లు గుమ్మంలోంచే కేకేసేది.

ఒక పొద్దున వైకుంఠరావు గారు వచ్చారు. ఒక చేత్తో పతకం, వెనక ఒక విలేకరి. జిల్లా ప్రథమ నమూనా విద్యార్థిని పతకం అందుకున్నట్టు పై ఆఫీసుకు ఫొటో పంపాలట. పంపకపోతే పథకం అసంపూర్తి.

"చిరంజీవి దీవెనా, ఒక్క నిమిషము లేచి నిటారుగా కూర్చొనవలెను. శాఖ గౌరవము."

సారమ్మ నోరు తెరవబోయింది. దీవెన అమ్మ చెయ్యి నొక్కింది.

"కూర్చోను సార్" అంది. "నొప్పి. లేవబాకన్నారు డాక్టరుగారు."

చిన్న గొంతే. కానీ అందులో ఓణీ కొస లేదు. వైకుంఠరావు గారు నియమావళిలో ఇలాంటి సందర్భం ఉందేమోనని పైకప్పు మీద వెతికారు. విలేకరి తెలివైనవాడు. "సార్, మీరు మంచం పక్కన నిలబడండి. అమ్మాయిని పడుకోనివ్వండి. ఫొటో తిప్పి వేసుకుందాం" అన్నాడు.

మర్నాడు షకీలా, బాజీ పేపరు తీసుకుని వచ్చారు. విలేకరి మాట నిలబెట్టుకున్నాడు. ఫొటోలో దీవెన కాళ్లు చాపి, దుప్పటి కప్పుకుని, దిండు వీపుకు కట్టుకుని, గోడలా నిటారుగా నిలబడి ఉంది. ఆమె పక్కన వైకుంఠరావు గారు పతకం చాస్తూ, మెడ వంచకుండా, గాల్లో అడ్డంగా పడుకుని ఉన్నారు. కింద "నిలువెత్తు ఆదర్శానికి ఉపసంచాలకుల అభినందన" అని వేశారు.

పక్క మంచం ముసలమ్మ పేపరు తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"పిల్ల బానే నిలబడింది కదమ్మా" అంది సారమ్మతో. "పాపం ఈ పెద్దాయనే లేవలేనట్టున్నాడు. ఏ వార్డులో ఉన్నాడు?"

బాజీ ఒక కన్ను మూసి చూసి, "ఈయన్ని పడగొట్టి మళ్లీ కట్టాల్సిందే" అన్నాడు. షకీలా నవ్వలేక మంచం కమ్మీ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. దీవెనకు నవ్వు ఆగలేదు. కొంచెం కాదు, మొత్తం నవ్వింది. నవ్వేసరికి వీపులో కలుక్కుమంది.

ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"సిస్టరమ్మా! నొప్పి!" అని వార్డు అంతా వినపడేలా కేకేసింది.